బెల్ మోగకముందే చేజారిన రేసు: ఒక మహిళా 1500 మీటర్ల రన్నర్ కేస్ స్టడీ

ఈ రన్నర్ అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. ఆమె పేరు, ఊరు, ఏ గేమ్స్, ఏ సంవత్సరం అన్నవి చెప్పను. ఎవరూ గుర్తుపట్టకుండా టైమ్‌లను కూడా కాస్త అటూ ఇటూ జరిపాను. స్ప్లిట్ల (రేసు మధ్యలో ఒక్కో దూరం దగ్గర తీసే టైమ్‌ల) మధ్య తేడాలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను, ఎందుకంటే ఈ కేసు నేర్పేదంతా ఆ తేడాల్లోనే ఉంది.

నేపథ్యం

కోచ్‌గా నా దగ్గరికి శిక్షణకు వచ్చేసరికి ఆమెకు ఇరవై దాటాయి. స్కూల్లో క్రాస్ కంట్రీతో మొదలుపెట్టి, తర్వాత 3000 మీటర్లు పరిగెత్తి, చివరికి 1500లో కుదురుకుంది. జిల్లా మీట్ నుంచి యూనివర్సిటీ మీట్ దాకా ఆమె గెలిచిన రేసులన్నీ ఒకే తీరుగా సాగాయి. గన్ పేలగానే ముందుకు వెళ్లడం, రెండో ల్యాప్‌కల్లా (ల్యాప్ అంటే ట్రాక్ మీద 400 మీటర్ల ఒక చుట్టు) మిగతావాళ్లను వదిలించుకోవడం, చివరిదాకా ఒంటరిగా పరిగెత్తడం. తనతో సమానంగా పరిగెత్తేవాళ్లు లేనప్పుడు అంతకంటే మంచి పద్ధతి లేదు. దాంతో ఆమె బెస్ట్ 1500లో 4:11కి, 800లో 2:05కి వచ్చింది. ఆ టైమ్ మీదే ఒక పెద్ద అంతర్జాతీయ గేమ్స్‌కు ఎంపికైంది.

అసలు చిక్కు మొదలయ్యేది ఇక్కడే. మన దగ్గర ఎంపికకు టైమ్ కావాలి, గేమ్స్‌లో పతకానికి స్థానం కావాలి. సెలక్షన్ రేసులో ప్రతి ఒక్కరూ గడియారంతో పోటీ పడతారు. గేమ్స్ ఫైనల్లో గడియారాన్ని ఎవరూ పట్టించుకోరు. సీజన్ అంతా ఒక రకం రేసు పరిగెత్తిన అమ్మాయిని, అన్నిటికంటే పెద్ద రోజున వేరే రకం రేసులో నిలబెడుతున్నాం.

సమస్య

ఆ గేమ్స్‌లో హీట్ (ఫైనల్‌కు ముందు జరిగే అర్హత రేసు) సాఫీగానే గడిచింది. ఫైనల్ మాత్రం మొదటి నుంచీ నెమ్మదిగా నడిచింది. ముందున్నవాళ్లు 400 మీటర్లు 72 సెకన్లలో, 800 మీటర్లు 2:25కి దాటారు. ఆ వెంటనే ఒకామె వేగం పెంచింది. 1200 మీటర్లు 3:30కి, ఫినిష్ 4:16కి. మా రన్నర్ 4:24తో చివరి వరుసలో వచ్చింది.

అంతకుముందు ఏడాది విదేశంలో మరో పోటీలోనూ ఇలాగే జరిగింది. 4:11 పరిగెత్తగల మనిషి 4:16 రేసులో ఎనిమిది సెకన్లు వెనకబడడం ఏమిటి? అడిగితే ఆమె చెప్పింది ఒకటే మాట: "కాళ్లు రాలేదు సార్."

చుట్టూ ఉన్నవాళ్లు మాత్రం చాలా త్వరగా తేల్చేశారు. టెన్షన్ అన్నారు. పెద్ద స్టేడియం, టీవీ కెమెరాలు, అమ్మాయి బెదిరిపోయిందన్నారు. కొన్నాళ్లకు ఆమె కూడా అదే నమ్మడం మొదలుపెట్టింది.

ఈ జవాబు మీద నాకు మొదటి నుంచీ అనుమానమే, దానికి చరిత్ర కూడా ఒక కారణం. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మొదటిసారి మహిళల 800 మీటర్లు పెట్టారు. జర్మనీకి చెందిన లీనా రాడ్కే 2:16.8తో ప్రపంచ రికార్డు పెట్టి గెలిచింది. పత్రికలు రికార్డును వదిలేసి, ఆడవాళ్లు కూలిపోయారని రాశాయి. ఆ రేసును తీసేశారు, మళ్లీ 1960 రోమ్‌లో గానీ పెట్టలేదు. మహిళల 1500 మీటర్లయితే 1972 మ్యూనిక్ దాకా ఒలింపిక్స్‌లో లేనే లేదు. రేసులో ఏం జరిగిందో చూడకుండా 'ఆడపిల్ల, తట్టుకోలేకపోయింది' అనేయడం ఎంత పాత అలవాటో తెలుసుకుంటే, ఆ మాట మన నోటికి వచ్చే ముందు ఒకసారి ఆగుతాం.

ప్రయత్నించినవి

అనుమానం ఉన్నా టెన్షన్ కోణాన్ని పక్కన పెట్టలేదు. స్పోర్ట్స్ సైకాలజిస్ట్ ఆమెకు శ్వాస అభ్యాసాలు, రేసు రోజు దినచర్య నేర్పించింది. నిద్ర బాగుపడింది, రేసుకు ముందు రోజు తిండి సరిగ్గా తినగలిగింది. కానీ నెమ్మదిగా మొదలైన తర్వాతి రేసులో ఫలితం మారలేదు. దీన్నిబట్టి భయం ఉన్న మాట నిజమే గానీ అది ఓటమి వెంట వచ్చిన భయమని అర్థమైంది. ప్రతిసారీ అదే చోట రేసు చేజారుతుంటే ఎవరికైనా భయం పుడుతుంది.

రెండోది రక్తపరీక్ష. దూరం పరిగెత్తే అమ్మాయిల్లో ఇనుము నిల్వలు తగ్గడం చాలా మామూలు. నెలసరి, చెమట, నేలను తాకే పాదాల ఒత్తిడి, మాంసం తక్కువగా ఉండే తిండి అన్నీ కలిసి ఒంట్లో ఇనుము నిల్వలను చూపించే ఫెర్రిటిన్‌ను కిందికి లాగుతాయి. హిమోగ్లోబిన్ బాగానే ఉందని చాలామంది అక్కడే ఆగిపోతారు. ఈమెకు హిమోగ్లోబిన్ బాగుంది, ఫెర్రిటిన్ తక్కువ. డాక్టర్ చెప్పినట్టు మాత్రలు వేసుకుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు మానిపించాం, ఎందుకంటే టీ తిండిలోని ఇనుమును ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. కొన్ని వారాల్లో టెంపో రన్‌లు (ఒకే గట్టి వేగంతో చేసే పరుగులు) తేలికయ్యాయి, తర్వాతి దేశీ మీట్‌లో తన బెస్ట్ టైమ్‌ను తనే దాటింది.

దాంతో అందరూ సమస్య తీరిందనుకున్నారు. కానీ ఆ బెస్ట్ టైమ్ కూడా ముందుండి ఒంటరిగా పరిగెత్తిన రేసులోనే వచ్చింది. గుంపులో నడిచిన తర్వాతి రేసులో మళ్లీ పాత కథే. ఇనుము లోపానికి మందు వేయడం అవసరమే. అది ఇంజన్‌ను బాగు చేసింది, అంతవరకే.

మూడోది స్పీడ్. చివరి ల్యాప్‌లో వెనకబడుతోంది కాబట్టి కిక్ (చివర్లో వేగం పెంచే శక్తి) లేదని తోచడం సహజం. 150, 200 మీటర్ల స్ప్రింట్లు, జిమ్‌లో బరువులు పెట్టాం. 200 మీటర్ల టైమ్ తగ్గింది, తొడ వెనక కండరం పట్టేయడం మొదలైంది, గేమ్స్ తరహా రేసులో మాత్రం మార్పు లేదు. ఆ స్పీడంతా తాజా కాళ్లతో, తను అనుకున్న క్షణాన మొదలుపెట్టి సాధించింది. రేసులో వేగం పెరిగేది ఇంకొకరు అనుకున్న క్షణాన.

నాలుగోది ఆమె కోరిక మేరకు చేసింది. "నాకు అలవాటైనట్టు ముందే ఉంటాను సార్" అంది. బలమైన పోటీదారులున్న ఒక మీట్‌లో 67 సెకన్ల ల్యాప్‌లతో ముందుండి నడిపించింది. మిగతావాళ్లు ఆమె వెనకే హాయిగా వచ్చి, 500 మీటర్లు ఉండగా ఒకరి తర్వాత ఒకరు దాటిపోయారు. గాలిని చీల్చుకుంటూ ముందు పరిగెత్తే మనిషికి ఖర్చు ఎక్కువ. 2025 జూన్‌లో పారిస్‌లో కెన్యా రన్నర్ ఫెయిత్ కిప్యెగాన్ నాలుగు నిమిషాల లోపు మైలు కోసం ప్రయత్నించినప్పుడు ముందూ వెనకా పేసర్లను (వేగం పట్టి ఇచ్చే తోడు రన్నర్లను) పెట్టింది గాలి తగలకుండా ఉండడానికే. అంత చేసినా 4:06 పైనే వచ్చింది. అంతటి రన్నరే గాలిని అంత లెక్కలోకి తీసుకుంటే, పదకొండు మందిని వెనక మోస్తూ గెలవమని ఇంకెవరికీ చెప్పలేం.

వీడియోలో కనిపించింది

మా దగ్గర అప్పటిదాకా ఉన్నది టీవీ రికార్డింగ్, ముందున్నవాళ్ల స్ప్లిట్లు. టీవీ కెమెరా ఎప్పుడూ ముందున్నవాళ్ల మీదే ఉంటుంది. ఆ గేమ్స్‌లో గ్యాలరీలో కూర్చున్న ఒక సహచర క్రీడాకారిణి తన ఫోన్లో మా అమ్మాయి ఒక్కదాన్నే మొదటి నుంచి చివరిదాకా తీసిందని తర్వాత తెలిసింది. ఆ వీడియోను ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూశాక ఈ కేసు మొత్తం తిరిగిపోయింది.

800 దగ్గర ఆమె టైమ్ 2:26. ముందున్నామెకు ఒక్క సెకను వెనక, ఏడో స్థానంలో ఉంది. 850 మీటర్ల దగ్గర కూడా ఆ సెకనే తేడా. 950 దగ్గరికి వచ్చేసరికి అది మూడు సెకన్లయింది. 1200 దగ్గర ఐదు, ఫినిష్‌లో ఎనిమిది. అంటే రేసు చివరి 300లో పోలేదు. చివరి ల్యాప్ మొదట్లో మోగే బెల్ మోగకముందే, ఒక 100 మీటర్లలో పోయింది.

ఆ 100 మీటర్లలో ఆమె అలసిపోయి నెమ్మదించిందా? లెక్క వేసి చూశాం. అప్పటిదాకా గుంపు పరిగెత్తింది ల్యాప్‌కు 73 సెకన్ల వేగంతో, అంటే 100 మీటర్లకు 18.25 సెకన్లు. పెరిగిన వేగం ల్యాప్‌కు 65, అంటే 100 మీటర్లకు 16.25. తేడా సరిగ్గా రెండు సెకన్లు. ఆమె నెమ్మదించనే లేదు! చుట్టూ వేగం మారినా తను పాత వేగంతోనే ఇంకో 100 మీటర్లు పరిగెత్తింది, అంతే. 65 సెకన్ల ల్యాప్ ఆమెకు చేతకానిదీ కాదు. ఆమె 4:11 రేసులో సగటు ల్యాప్ 67. 800లో రెండు ల్యాప్‌లు 63 లోపు చేసిన మనిషి. అంత నెమ్మదిగా నడిచిన 800 తర్వాత 65లో ఒక ల్యాప్ పరిగెత్తలేకపోవడం ఉండదు.

మరి ఎందుకు కదల్లేదు? ఫ్రేమ్‌లు చూస్తే తెలిసింది. 700 దగ్గర ఆమె బయటి వైపు నుంచి లోపలి గీత దగ్గరికి వచ్చింది. 850 దగ్గర ఆమె ముందు ఒక నెమ్మది రన్నర్, కుడి పక్కన ఇంకొకామె, ఆ వెనక మరొకరు. బయటివైపు ఉన్నవాళ్లు వేగం అందుకుని వెళ్లిపోతున్నారు. ఒక ఫ్రేమ్‌లో మా అమ్మాయి కుడిచేయి ముందున్నామె వీపుకు ఆనీ ఆనకుండా గాల్లో ఉంది, అడుగులు చిన్నవైపోయాయి. ఆ రోజు రేసు అయ్యాక ఫిజియో ఆమె మోకాలి కింద స్పైక్ గీసుకున్న గాటును శుభ్రం చేయడం నాకు గుర్తుంది. అప్పుడు ఎవరూ దాని గురించి ఆలోచించలేదు. వీడియో చూపించి అడిగితే చెప్పింది: "ముందున్న అక్క కాలికి తగులుతుందేమోనని అడుగు కుదించుకున్నా సార్. పక్కకు వద్దామంటే ఖాళీ లేదు."

లోపలికి ఎందుకు వచ్చావని అడిగాను. "బయట పరిగెత్తితే దూరం ఎక్కువని చిన్నప్పటి నుంచీ చెప్పారు కదా సార్!"

ఆ మాట నిజమే. లేన్ వెడల్పు 1.22 మీటర్లు. ఒక లేన్ బయట పరిగెత్తితే ఒక్కో బెండ్‌కు (ట్రాక్ మలుపుకు) దాదాపు 3.83 మీటర్లు అదనం. 1500లో ఏడు బెండ్‌లు వస్తాయి కాబట్టి రేసంతా బయటే ఉంటే సుమారు 27 మీటర్లు. అందుకే పిల్లలకు లోపలి గీతను వదలొద్దని నేర్పుతాం. కానీ ఒంటరిగా పరిగెత్తేటప్పుడు ఆ సూత్రం ఉచితంగా పనిచేస్తుంది, గుంపులో దానికీ ఖరీదు ఉంటుంది. రెండు బెండ్‌లు బయట ఉంటే ఆమెకు అయ్యే నష్టం ఎనిమిది మీటర్ల లోపు, ఆ నెమ్మది వేగంలో సెకనున్నర కూడా లేదు. లోపల ఇరుక్కున్నందుకు 100 మీటర్లలోనే రెండు సెకన్లు పోయాయి, ఆ తర్వాత వాటిని అందుకోవడానికి ఒంటరిగా స్ప్రింట్ చేసి ఇంకో ఐదు పోగొట్టుకుంది. బయట పరిగెత్తే ఆ కొద్ది మీటర్లు దారి కోసం కట్టే టోల్ అనుకోమని చెప్పాను. ఆ లెక్కను ఆమె తన నోట్‌బుక్‌లో తన చేత్తో వేసుకున్న రోజున ముఖంలో ఎంత తేటదనం వచ్చిందో! 'నేను భయస్తురాలిని' అనే మాట ఆ తర్వాత ఆమె నోట వినలేదు.

పనిచేసినవి

మొదట గుంపులో పరిగెత్తడం నేర్పాల్సి వచ్చింది. అబ్బాయిలను కలుపుకుని ఎనిమిది, పది మందిని రెండు లేన్లలోనే ఇరుకుగా పరిగెత్తించాం. ముందున్నవాళ్ల మడమలకు స్పైక్ తగలకుండా, అడుగు కుదించుకోకుండా, అర అడుగు పక్కకు జరిగి భుజం పక్కన పరిగెత్తాలి. మోచేతులు తగులుతాయి. తగిలినా లయ చెడకూడదు. నిబంధనల ప్రకారం తోయడం, అడ్డుపడడం తప్పే గానీ అనుకోకుండా తగిలే ప్రతి తాకిడికీ రిఫరీ రాడు. మొదట్లో ఆమె ఊరికే వెనక్కి తగ్గిపోయేది. నెమ్మదిగా తన చోటు తను పట్టుకోవడం అలవాటైంది.

ఆ తర్వాత ప్రధానమైన వర్కౌట్. గుంపు మొత్తం 73 సెకన్ల వేగంతో మొదలవుతుంది. ఒక్క అబ్బాయి చెవిలో మాత్రం ఎక్కడ వేగం పెంచాలో చెబుతాను, 500 దగ్గరా 900 దగ్గరా అన్నది ఆమెకు తెలియదు. వాడు కదలగానే ఆమె స్పందించాలి. ఇక్కడ ఒక నిర్ణయం గురించి కాస్త వివరంగా చెప్పాలి. వెంటనే అందుకోమని చెప్పలేదు. నాలుగడుగుల్లో గ్యాప్ మూసేయాలని స్ప్రింట్ చేస్తే, ఆ గేమ్స్‌లో జరిగినట్టే కాళ్లు ముందే బరువెక్కిపోతాయి. కదలిక వెంటనే మొదలవ్వాలి, గ్యాప్ మాత్రం 60, 80 మీటర్లలో నిదానంగా మూసుకోవాలి. ఇంత గట్టి వర్కౌట్‌ను వారానికి ఒకసారి మించి పెట్టలేదు. తొడ కండరం అప్పటికే ఒకసారి హెచ్చరించింది.

బయటికి వచ్చే చోటు కూడా ముందే అనుకున్నాం. స్ట్రెయిట్‌లో పక్కకు జరిగితే దూరం దాదాపు పెరగదు, బెండ్‌లో జరిగితే పెరుగుతుంది. కాబట్టి రెండో ల్యాప్ బ్యాక్ స్ట్రెయిట్‌లోనే (ఫినిష్‌కు ఎదురు వైపున్న తిన్నని భాగంలోనే) రెండో లేదా మూడో రన్నర్ బయటి భుజం దగ్గరికి చేరాలి, తర్వాతి రెండు బెండ్‌ల ఖర్చు కళ్లు తెరిచి భరించాలి.

కాల్ రూమ్‌నూ వదల్లేదు. గేమ్స్‌లో రేసుకు చాలా ముందే కాల్ రూమ్‌లో హాజరవ్వాలి. బిబ్ నంబర్లు, బ్యాగ్, స్పైక్స్ అన్నీ చూస్తారు. ఫోన్ ఉండదు, కోచ్ ఉండడు. వార్మప్‌లో వేడెక్కిన ఒళ్లు ప్లాస్టిక్ కుర్చీలో చల్లబడుతుంది. అందుకే వార్మప్ క్రమం మార్చి, రిపోర్టింగ్‌కు ముందు ఆఖరి పనిగా రేసు వేగంతో ఒక 200 మీటర్లు పెట్టాం. ప్రాక్టీస్ రోజుల్లోనూ వార్మప్ అయ్యాక జాకెట్ వేసుకుని బెంచీ మీద ఊరికే కూర్చోబెట్టి, ఆ తర్వాతే ట్రాక్ మీదికి పంపేవాళ్లం.

అన్నిటికంటే కష్టమైంది దేశీ మీట్‌లలో ముందుండొద్దని చెప్పడం. తేలిగ్గా గెలవగల రేసులో వెనక ఉండి, ఒకసారి మూడో స్థానంతో సరిపెట్టుకుంది. ఆ రాత్రి వాళ్లమ్మ ఫోన్: "ఏం బిడ్డా, ఎనకనే ఉన్నవేంది? పాణం బాగలేదా?" నేను ఫోన్ తీసుకుని, "అమ్మా, కావాలనే వెనక ఉంచినం, నేర్చుకుంటోంది" అని చెప్పాల్సి వచ్చింది. ఎంపికకు కావాల్సిన టైమ్ కోసం సీజన్ మొదట్లోనే ఒక రేసును విడిగా పెట్టుకున్నాం. టైమ్ చేతికొచ్చాకే మిగతా రేసులను నేర్చుకోవడానికి వాడుకున్నాం. ఈ క్రమం తిరగబడితే ఎంపికే ప్రమాదంలో పడుతుంది.

ఫలితం

తర్వాతి అంతర్జాతీయ గేమ్స్ ఫైనల్ కూడా నెమ్మదిగానే మొదలైంది. 950 దగ్గర వేగం పెరిగింది. ఆ క్షణానికి మా అమ్మాయి మూడో రన్నర్ భుజం పక్కన, బయటి వైపు ఉంది. ముందు ఖాళీ ఉంది. కదిలింది. బెల్ మోగినప్పుడు ముందున్న గుంపులోనే ఉంది, చివరి ల్యాప్ 63 సెకన్లు. నాలుగో స్థానం. పతకం రాలేదు. టైమ్ కూడా ఆమె బెస్ట్ కంటే మూడు సెకన్లు ఎక్కువ. కానీ మూడో స్థానానికి తేడా సెకను లోపే. చివరి 100లో ఆమెను దాటినామె స్పీడ్ నిజంగానే ఎక్కువ. ఇప్పుడు కిక్ గురించి మాట్లాడుకోవచ్చు, ఎందుకంటే ఇప్పుడు ఆమె రేసు చివరి 100 దాకా బతికి ఉంటోంది.

ఈ కేసు నుంచి

నెమ్మది ఫైనల్‌ను ఎప్పుడో జరిగే వింత అనుకోవద్దని కోచ్‌లందరికీ చెబుతాను. 2016 రియో ఒలింపిక్స్ మహిళల 1500 ఫైనల్‌లో మొదటి ల్యాప్ 76 సెకన్లు దాటింది. కిప్యెగాన్ 4:08.92తో గెలిచింది. రెండో స్థానంలో వచ్చిన ఇథియోపియా రన్నర్ గెంజెబె దిబాబా పేరు మీద అప్పటికి 3:50.07 ప్రపంచ రికార్డు ఉంది. 2002 బుసాన్ ఆసియా గేమ్స్‌లో మన సునీతా రాణి పరిగెత్తిన 4:06.03 ఆ ఒలింపిక్ గెలుపు టైమ్ కంటే మెరుగు. అయితే రియోలో చివరి 800 మీటర్లు రెండు నిమిషాల లోపే ముగిశాయి. ఆ రేసు గెలవాలంటే కావాల్సింది అది. సునీతా రాణి జాతీయ రికార్డును 2021లో మన వరంగల్‌లోనే హర్మిలన్ బెయిన్స్ 4:05.39తో దాటింది. ఆమే హాంగ్‌జౌ ఆసియా గేమ్స్‌లో రజతం గెలిచింది 4:12.74తో.

అలాగని నెమ్మది రేసుకే సిద్ధమైనా కుదరదు. 2014 ఇంచియాన్ ఆసియా గేమ్స్ 800లో టింటు లూకా 1:59.19 పరిగెత్తినా రజతమే వచ్చింది. హాంగ్‌జౌలో అదే 800 స్వర్ణం 2:03.20కి దక్కింది. ఏది వస్తుందో గన్ పేలేదాకా తెలియదు. ఏడు ఈవెంట్ల పాయింట్లు కలిపి లెక్కించే హెప్టాథ్లాన్‌లో చివరి ఈవెంట్‌గా వచ్చే 800 ఇంకో రకం. హాంగ్‌జౌలో 5712 పాయింట్లతో కాంస్యం గెలిచిన మన అగసర నందిని లాంటి వాళ్లకు అక్కడ ఎన్ని సెకన్ల తేడాతో ఎవరి కంటే ముందుండాలో లెక్క ముందే తెలుసు. ఒకే దూరానికి ఇన్ని రకాల శిక్షణ కావాలి.

కోచ్‌లకు, పీఈటీలకు నేను చేసే విన్నపం ఒకటుంది. పెద్ద మీట్‌కు వెళ్లినప్పుడు గ్యాలరీలో ఎవరో ఒకరు మీ అమ్మాయినే మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయాలి. ముందున్నవాళ్లు లేకపోయినా పర్వాలేదు. ప్రతి 100 మీటర్లకూ ఆమె టైమ్, ముందున్నవాళ్ల టైమ్ పక్కపక్కన రాయండి. టెన్షన్ అనే మాట ఆ కాగితం చూశాక మాత్రమే వాడండి. ఊళ్లో ఎదురులేకుండా గెలిచే పిల్లను పద్నాలుగు, పదిహేనేళ్లకే అబ్బాయిల గుంపులో వెనక నిలబెట్టి పరిగెత్తించండి. ఇరవై దాటాక నేర్పడం సాధ్యమే గానీ అప్పటికి ఎంపికల ఒత్తిడి మీద పడి ఉంటుంది.

ఆమె ముందు ఇప్పుడున్న ప్రశ్న వచ్చే గేమ్స్‌లో 800 కూడా పరిగెత్తాలా అన్నది. 1998 బ్యాంకాక్‌లో జ్యోతిర్మయీ సిక్దర్ రెండు స్వర్ణాలూ గెలిచింది, హాంగ్‌జౌలో హర్మిలన్ రెండు రజతాలు తెచ్చింది, కాబట్టి అసాధ్యమేమీ కాదు. ఆమెకైతే పరిగెత్తాలనే ఉంది. టైమ్‌టేబుల్ వచ్చేదాకా మాట ఇవ్వనని చెప్పాను. 1500 ముందు అయిపోయి, 800 హీట్స్‌కు మధ్యలో కనీసం ఒక రోజు విశ్రాంతి దొరికితే రెండింటికీ ఆమె పేరు రాయిస్తాను. 800 ముందు వస్తే 1500 ఒక్కటే.